అత్తమ్మ అడిగిన బిడ్డ

కాశిబుగ్గ ఇల్లు భవాని పేరు మీదికి మార్చాలని పోయిన ఎండాకాలం అత్తమ్మ పట్టుబట్టింది. నా మేనత్త, ఎనభై దాటిన మనిషి. ఒక మాట అనుకున్నదంటే అది అయ్యేదాకా సరిగా అన్నం తినదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దత్తత కాగితం కూడా చూపించాలన్నారు. దాని కోసం ఇనుప పెట్టె తెరిచి, పైనున్న పట్టుచీర, దాని కింద మామయ్య ఫొటో, ఆ కింద పాత రేషన్ కార్డులు ఒక్కొక్కటే మంచం మీద పెడుతూ పోతే, అట్టడుగున ప్లాస్టిక్ కవరులో స్టాంపు కాగితం దొరికింది. మడతల దగ్గర చిరుగు పట్టింది గాని అక్షరాలు చెదరలేదు. ఇచ్చినవారు అన్నచోట నా సంతకం, తీసుకున్నవారు అన్నచోట అత్తమ్మ వేలిముద్ర. ఇరవై ఏళ్లు నిండీ నిండని రోజుల్లో పెట్టిన సంతకం అది. ఎంత గట్టిగా నొక్కి రాశానో, కాగితం వెనక్కి తిప్పితే ఇప్పటికీ వేలికి తగులుతోంది.

ఆఫీసులో కూర్చున్న క్లర్కు చిన్న వయసు అమ్మాయి. కాగితమంతా ఓపికగా చదివి, భవానిని చూపిస్తూ అత్తమ్మనూ నన్నూ, "అంటే మేడంకి మీరిద్దరూ అమ్మలేనా?" అని అడిగింది. అవునన్నాను. "ఇద్దరూ వచ్చిన్రు, మంచిదైంది, మల్ల తిరిగే పనుండదు," అని తల వంచుకొని కంప్యూటర్లో ఏదో కొట్టుకుంది. ఆశ్చర్యం లేదు, జాలి లేదు, పక్క సీటు వైపు ఒక చూపు లేదు. బయటికి వచ్చి ఆటో ఎక్కాక భవాని నా ముఖం చూసి, "ఇన్ని కథలు రాసినవు, ఈ ఒక్కటి రాయలేదేం అమ్మా?" అంది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అడిగింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

నాకు పన్నెండో ఏడు వచ్చేసరికి అమ్మ పోయింది. నాయిన సాంబయ్యకు వరంగల్ బజారులో బట్టల దుకాణం. పొద్దున తొమ్మిదికి షట్టరెత్తితే రాత్రికి దించడమే. ఇంట్లో ఆయనా నేనూ. మాకు మాటలు తక్కువ. ఆయన ప్రేమంతా దసరాకు దుకాణంలోంచి తెచ్చే పావడా గుడ్డలో ఉండేది. హన్మకొండలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు టైపు నేర్చుకోవడానికి వెళ్లేదాన్ని. అక్కడ పరిచయమైన అతని పేరు ఇక్కడ రాయను. పేరు రాసినంత మాత్రాన అతనికి ఈ కథలో ఎక్కువ చోటు రాదు. మంచిగా మాట్లాడేవాడు. పెళ్లి చేసుకుంటానన్నాడు, నేను నమ్మాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. నా సంగతి తెలియజేస్తూ మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. మిగతా రెండూ విప్పకుండానే తిరిగొచ్చాయి. పోస్టుమాన్ వాటిని నాకిచ్చి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడే అర్థమైంది, నేను ఒక్కదాన్నేనని.

ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు గడిపాను. ఒక ఆదివారం నాయిన ఏదో గుడ్డ ఇచ్చి అత్తమ్మకు ఇచ్చి రమ్మంటే కాశిబుగ్గ వెళ్లాను. అత్తమ్మ అంటే నాయిన అక్క రాజమ్మ. అప్పటికి పెళ్లయి ముప్పై ఏళ్లు, మామయ్య పోయి ఏడేళ్లు. పిల్లలు లేరు. ముందుగదిలో గుంత మగ్గం మీద జంపఖానాలు నేసుకుంటూ ఒక్కతే బతికేది. మిరప అమ్మకాల కాలం. ఎనుమాముల మార్కెట్టు మీదుగా గాలి వీస్తే కాశిబుగ్గ అంతా ఒకటే తుమ్ములు. ఆ ఘాటుకు ఆగలేక వెనక్కి పరుగెత్తాను. పెరటి గోడ పట్టుకొని వాంతి చేసుకుంటుంటే వెనక మగ్గం చప్పుడు ఆగింది. అత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, నా వీపు నిమిరి, నేను నోరు కడుక్కునేదాకా ఆగి, "ఎన్నో నెల?" అని అడిగింది. ఎవరు, ఎట్లా, ఎందుకు అని అడగలేదు. నాలుగు అన్నాను. అప్పుడు ఏడ్చాను, ఆ నాలుగు నెలల్లో మొదటిసారి.

నాయినకు ఆమే చెప్పింది. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మధ్యాహ్నం పూట దుకాణం షట్టరు దించి ఇంటికి వచ్చాడు. నేనెరిగినంతలో ఆయన అట్లా చేయడం అదే మొదలు. గోడకానుకొని చాలాసేపు కూర్చున్నాడు. లేచేసరికి అన్నీ తీర్మానించుకున్నాడు. నేను కాన్పు అయ్యేదాకా అత్తమ్మ ఇంట్లో వెనక గదిలో ఉండాలి. బజారులో అడిగినవాళ్లకు చదువు కోసం బంధువుల ఊరికి పోయిందని చెబుతాడు. వేరే ఊళ్లో పిల్లలు లేని దంపతులున్నారు, మంచివాళ్లు, దవాఖాన నుంచే బిడ్డను తీసుకుపోతారు. ఆ తర్వాత ఏమీ జరగనట్టే నేను ఇంటికి రావాలి. నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే నాకు ఊరట కలిగింది. ఎవరో ఒకరు దారి చూపించారు గదా అనుకున్నాను. అత్తమ్మ మాత్రం, "ఉంచుకుంట గని దాచిపెట్ట సాంబయ్యా, నా ఇంట్ల దాచే జాగ లేదు," అంది. ఇల్లు చిన్నదని అంటున్నదనుకున్నాడు నాయిన. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆ మాట అర్థం మూడో రోజు పొద్దున తెలిసింది. వాడలో నల్లా దగ్గర ఆడవాళ్లంతా బిందెలతో వరుస కట్టారు. అత్తమ్మ నా చేతికి ఒక చిన్న బిందె ఇచ్చి వెంట రమ్మంది. నేను వద్దన్నాను, వెనక గదిలో ఉండమన్నాడు గదా నాయిన అన్నాను. ఆమె విననట్టే నడిచింది. ఒకావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కోడలు చుట్టపుచూపుగా వచ్చిందా, జర ఒళ్లు చేసినట్టున్నది అని నవ్వింది. అత్తమ్మ బిందె కింద పెట్టింది.

"చుట్టపుచూపు గాదు, ఉండనీకె వచ్చింది," అంది. గొంతు పెంచలేదు గాని అందరికీ వినిపించింది. "కడుపుతోని ఉన్నది. పెండ్లి కాలే. ఆ పోరడు ఇగ రాడు. నా ఇంట్లనే కంటది. మీరు అడిగేది ఏమన్న ఉంటే నన్ను ఇప్పుడే అడుగుండ్రి. మల్ల నా ఎనక దాన్ని అడగొద్దు."

నల్లా కింద ఎవరిదో బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా కట్టేసేవాళ్లు లేరు. నాకు ఆ క్షణాన అత్తమ్మ మీద కోపం వచ్చింది. కొంతసేపటికి మల్లవ్వ అనే ముసలామె ముందుకు వచ్చి నా చేతిలోని బిందె తీసుకుంది. కడుపుతో ఉన్న పిల్లకు బరువెత్తే పని చెప్పినందుకు అత్తమ్మనే నాలుగు తిట్టి, నీళ్లు పట్టి, తనే మోసుకొచ్చి మా గడప దగ్గర పెట్టిపోయింది. అందరూ అట్లా ఉన్నారనను. రెండిళ్లవాళ్లు మా ఇంటికి రావడం మానేశారు. కొందరు గుసగుసలాడుకున్నారు. అయితే దాచిన సంగతి ఉంటే గదా దాన్ని పట్టుకొని బెదిరించేది! వారం తిరిగేసరికి ఆ గుసగుసల్లో పస తగ్గింది. నెల తిరిగేసరికి ఒకరు చింతకాయ తొక్కు, ఒకరు సర్వపిండి గిన్నె పట్టుకొని రావడం మొదలుపెట్టారు.

ఆ అయిదు నెలల ఇంటి వాసన ఇప్పటికీ ఎక్కడైనా గుర్తుపడతాను. తడిసిన నూలు వాసన, పెరట్లో గంగాళంలో మరిగే ఎర్రరంగు ఆవిరి, పొయ్యి మీద జొన్న అంబలి. అత్తమ్మ కోడి కూతకు ముందే లేచి వాకిలి ఊడ్చి, చాయ్ సాసర్లో పోసుకొని నిలబడే తాగి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టేది. నేను పక్కనే గోడ వారన కూర్చొని రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుట్టేదాన్ని. కడుపు పెరిగేకొద్దీ రాట్నం దూరంగా జరుపుకోవాల్సి వచ్చేది. ఆమె మాట్లాడేటప్పుడు చేతులు ఆగవు, కాళ్లు ఆగవు. ఊరి సంగతులు, మామయ్య సంగతులు, పోయిన మా అమ్మ మొదటిసారి అత్తగారింటికి వచ్చి అన్నం మాడబెట్టిన సంగతి, అన్నీ ఆ చప్పుడులోనే చెప్పేది. మా అమ్మ గురించి అంతకుముందు నాకెవరూ అంతగా చెప్పలేదు. నేను అవమానంతో చితికిపోవాల్సిన రోజులవి, లోకం లెక్క ప్రకారం. కాని అమ్మ పోయాక నేను కడుపునిండా మాటలు విన్నది ఆ రోజుల్లోనే.

శ్రావణమాసం వెళ్తుండగా ఒక మధ్యాహ్నం పెద్ద దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. నర్సు తెచ్చి నా పక్కన పడుకోబెడితే, ఎర్రటి ముఖం, నల్లటి జుట్టు, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు బిగించిన పిడికిళ్లు. చూడకూడదనుకున్నాను. చూశాక పక్కకు తిరగలేకపోయాను. మూడో రోజు నాయినా, ఆయన వెంట ఆ దంపతులూ వచ్చారు. ఆవిడకు నలభై దగ్గర ఉంటాయి. చేత్తో అల్లిన తెల్లటి ఊలు టోపీ ఒకటి తెచ్చింది. మంచం దగ్గరికి వచ్చి, చెయ్యి చాపబోయి, ఆగిపోయింది. అత్తమ్మ నా తల దగ్గర నిలబడి, "ఇయ్యబుద్ధి అయితాందా సరోజా?" అని అడిగింది. నాయిన కోపంగా ఆమె వైపు చూశాడు. నేను బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

ఆవిడే ముందు అర్థం చేసుకుంది. "ఆమె ఇయ్యదు. పోదాం పదండి," అని భర్తతో అంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి వచ్చి ఆ టోపీ పసిదాని తలకు తనే తొడిగి, దారాలు ముడివేసి, నా బుగ్గ తాకి వెళ్లిపోయింది. ఆవిడకు ఆ తర్వాత బిడ్డ దొరికిందో లేదో నాకు తెలియదు. నా జీవితంలో నేను గెలిచిన రోజుల్లో అదొకటి. ఆ గెలుపులో ఆవిడ కన్నీళ్లు కూడా ఉన్నాయని మరిచిపోలేదు. నాయిన తలుపు దాకా పోయి, "ఇగ నువ్వు మీ అత్త బిడ్డవే. నా ఇంటికి రాకు," అన్నాడు. ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

బిడ్డను ఉంచుకున్నానే గాని ఉంచుకోవడమంటే ఏమిటో నాకు తెలియదు. రెండో ఏడాది పరీక్షలు పోయాయి. పుస్తకం తెరిస్తే పసిది ఏడుస్తుంది, పసిదాన్ని ఎత్తుకుంటే నాకే ఏడుపు వస్తుంది. అత్తమ్మ రోజూ దానికి నూనె రాసి, సున్నిపిండితో నలిచి, కాళ్ల మీద బోర్లా వేసుకొని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పాత చీర గుడ్డలో గట్టిగా చుట్టి నా ఒళ్లో పెట్టేది. ఆమె చేతుల్లో అది కిక్కురుమనేది కాదు. నా చేతుల్లోకి రాగానే మొదలుపెట్టేది. ఒకసారి అది గుక్కపట్టి ఏడుస్తుంటే మంచం మీద వదిలేసి పెరట్లోకి పోయి చెవులు మూసుకొని కూర్చున్నాను. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. దాన్ని ఎత్తుకొని మగ్గం చుట్టూ తిరుగుతూ ఏదో కూనిరాగం తీసింది.

బతుకమ్మ పండుగ వెళ్లిన మరునాడు అనుకుంటాను, మగ్గం ఆపి నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది.

"పిల్లను నాకు దత్తతియ్యి," అంది. "నీ మీద జాలితోని అడుగుతలేను. నాకు కావాలె. మీ మామ పోయినంక అత్తగారోళ్లు వాళ్ల పిల్లగాణ్ని పెంచుకొమ్మన్నరు, వద్దన్న. ఇన్నేండ్లల్ల ఎవ్వల్ని ఏదీ అడగలే. ఇప్పుడు నిన్ను అడుగుతాన. నువ్వు మల్ల కాలేజికి పో. పిల్ల ఈడనే ఉంటది, నువ్వూ ఈడనే ఉంటవు. ఇయ్యబుద్ధి కాకపోతే లేదని చెప్పు. ఇంకోసారి ఈ మాట ఎత్తను."

నాకు ఒళ్లు మండింది. ఇందుకేనా నన్ను ఇంట్లో పెట్టుకున్నది అనుకున్నాను. పిల్లలు లేని మనిషి, మొదటి నుంచీ ఇదే ఆలోచించి ఉంటుందనుకున్నాను. ఇంత నీచంగా అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అనుకున్నాను. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మామూలుగానే నాకు అన్నం పెట్టింది, పిల్లకు నీళ్లు పోసింది, మగ్గం నేసింది. మూడో రోజు పసిదానికి పాలిస్తూ ఆలోచిస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆ ఏడాదంతా నా గురించి అందరూ తీర్మానాలు చేశారు. ఒకడు చెప్పకుండా వెళ్లిపోయాడు, నాయిన నా బిడ్డను ఎవరికివ్వాలో కూడా నిర్ణయించాడు. నన్ను అడిగింది ఈమె ఒక్కతే. అదీ రెండుసార్లు. మొదటిసారి ఇవ్వాలని ఉందా అని అడిగి, నేను ఇవ్వనంటే నా వెనక నిలబడింది. రెండోసారి తన కోసం అడిగి, లేదనే హక్కు కూడా నా చేతిలోనే పెట్టింది. చిన్న ఇంట్లో ముందుగదికి నడిచిపోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఇస్తాను అన్నాను. కాని దాని దగ్గర ఏదీ దాచొద్దు, తెలివి వచ్చిన రోజు నుంచే తెలియాలి అన్నాను. "నేను చెప్పకపోతే నల్లా కాడ ఆడోళ్లే చెప్తరు," అని నవ్వింది అత్తమ్మ. నేనూ నవ్వాను. పసిది ఉలిక్కిపడి లేచింది.

వకీలు ఒకాయన చెప్పాడు, కాగితం ఒక్కటే చాలదు, కన్నతల్లి బిడ్డను నలుగురి ముందు పెంచుకునే తల్లి చేతుల్లో పెట్టాలి, అప్పుడే దత్తత అవుతుందని. ఆ నలుగురి కోసం అత్తమ్మ వాడంతా తిరిగి పిలిచింది. నల్లా దగ్గర ఉన్నవాళ్లే చాలామంది వచ్చారు. రావడం మానేసిన రెండిళ్లలో ఒకరు కూడా వచ్చారు. మగ్గం ముందు చాప పరిచి కూర్చున్నాం. భవానిని ఎత్తి అత్తమ్మ చేతుల్లో పెట్టాను. నాలుగు మూరల వెడల్పు జంపఖానాను ఒంటిచేత్తో దులిపే మనిషి ఆ రోజు ఆ పసిదాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. నా చేతులు ఖాళీ అయ్యాయి. ఎంత ఇష్టంగా ఇచ్చినా ఇవ్వడం ఇవ్వడమే. అందరూ చూస్తున్నారు, మల్లవ్వ కళ్లు తుడుచుకుంటోంది. అంతలో భవాని నోరు తెరిచి ఏడుపు అందుకుంది. అత్తమ్మ గబగబా దాన్ని తిరిగి నా ఒళ్లోనే పెట్టి, "పాలియ్యవే, నా బిడ్డకు ఆకలైతాంది," అంది. గదిలో ఒక్కసారిగా నవ్వులు. మా దత్తత అట్లా జరిగింది. రిజిస్ట్రారు ముందు సంతకం ఆ తర్వాతి వారం.

మళ్లీ జూన్‌లో కాలేజీకి వెళ్లాను. ఒక ఏడాది వెనకబడి, నాకంటే చిన్నవాళ్ల మధ్య. పదకొండు గంటల పీరియడ్ అయ్యేసరికి రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసేది. పుస్తకాలు గుండెలకు అదుముకొని బయటికి వచ్చేదాన్ని. అత్తమ్మ మధ్యాహ్నం మగ్గం ఆపి, పిల్లను చంకనేసుకొని సిటీబస్సులో హన్మకొండ వచ్చేది. కాలేజీ గేటు పక్కన గాజుల దుకాణంలో మస్తానమ్మ అనే ఆవిడ మాకు తెర వెనక ఇంత చోటిచ్చింది. గాజుల పెట్టెల మధ్య కూర్చొని పాలిచ్చి, పిల్లను అత్తమ్మకిచ్చి, మళ్లీ క్లాసుకు పరుగెత్తేదాన్ని. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. బి.ఎడ్. చేశాను. టీచరు ఉద్యోగం వచ్చింది. కథలు రాయడం ఆ తర్వాతి సంగతి. పెళ్లి మాటలు వచ్చాయి గాని నాకే మనసు పోలేదు.

అన్నీ సాఫీగా జరిగాయంటే అబద్ధమవుతుంది. నా ఉద్యోగం నర్సంపేట అవతల ఊళ్లో. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చి సోమవారం చీకటితో వెళ్లేదాన్ని. మా వైపు తల్లిని అవ్వ అని పిలిచే ఇళ్లున్నాయి, అమ్మ అని పిలిచే ఇళ్లూ ఉన్నాయి. భవాని అత్తమ్మను అవ్వ అన్నది, నన్ను అమ్మ అన్నది. ఎవరూ నేర్పలేదు. దానికి అయిదేళ్లప్పుడు జ్వరం వచ్చిందని తెలిసి సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చాను. దగ్గర కూర్చొని తడిగుడ్డ వేస్తే నా చెయ్యి తోసేసి, "అవ్వ ఏది?" అంది. అత్తమ్మ వచ్చి పడుకుంటే ఆమె కొంగు పట్టుకొని నిద్రపోయింది. గడపలో నిలబడి చూశాను. బాధ కలగలేదనను. ఆ బాధ వెనకే ఇంకొకటి కూడా కలిగింది. జ్వరంలో పట్టుకోవడానికి ఒక కొంగు ఉండాలనే గదా నేను ఆ రోజు దాన్ని ఆ చేతుల్లో పెట్టింది అనుకున్నాను. నిద్రలోనే అత్తమ్మ జరిగి నాకు కొంచెం చోటిచ్చింది. నేను అటువైపు పడుకున్నాను.

నాయిన రావడానికి మూడేళ్లు పట్టింది. ఒక మధ్యాహ్నం చేతిలో చిన్న మూటతో గడప బయట నిలబడి, "దుకాణంల ముక్క మిగిలింది. పొల్లకు గౌను అయితదేమో," అన్నాడు. అప్పటి నుంచి ప్రతి నెలా ఒక ముక్క మిగిలేది. నిండు తానులోంచి కత్తిరించిన ముక్కలని చూడగానే తెలిసేది. తెలియనట్టే గౌన్లు కుట్టించేవాళ్లం. భవాని ఆయన ఒళ్లో ఎక్కి మీసాలు లాగేది, లెక్కలు చెప్పించుకునేది. కాని బజారులో ఎవరైనా అడిగితే మాత్రం, మా అక్క పెంచుకుంటున్న పిల్ల అనేవాడు. అబద్ధం కాదు గనక నేను తప్పుపట్టలేకపోయాను. ఆ మాట విన్నప్పుడల్లా ఆ దవాఖాన వరండాలో చెప్పుల చప్పుడు మాత్రం వినిపించేది.

ఇప్పుడు కాశిబుగ్గలో మా వాడలో రెండు మగ్గాలు కూడా ఆడటం లేదు. నల్లాలు ఇంటింటికీ వచ్చాయి, ఆడవాళ్లు బిందెలతో నిలబడి మాట్లాడుకునే చోటు పోయింది. పెళ్లి కాకుండా గర్భం వచ్చిన పిల్లలు ఇప్పుడూ ఉన్నారు. టీచరునని, ఆ తర్వాత రాసే మనిషినని కొందరు తల్లులు తలుపు దగ్గరికేసి నాకు చెప్పుకున్నారు. ఇప్పటికీ ముందు దాచే చోటు కోసమే వెతుకుతారు. అయితే ఇప్పుడు దవాఖానలో అడిగే తీరు మారింది, ఆఫీసులో రాసే కాగితం మారింది, వినే చెవులు కొన్నైనా పెరిగాయి. చదువు రాని అత్తమ్మ అప్పట్లో ఒంటరిగా చేసినదానికి ఇప్పుడు నలుగురు తోడు దొరుకుతారు. ఆ తల్లులకు నేను చెప్పేది ఒకటే. ముందు పిల్లను అడగండి. ఉంచుకుంటుందో, ఇస్తుందో, మరేం చేస్తుందో, దాని నోటితో దాన్ని చెప్పనివ్వండి.

భవాని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి రైల్వే పరీక్ష రాసింది. ఇంజను డ్రైవరుకు అసిస్టెంటుగా కొన్నేళ్లు, గూడ్సు బండ్ల మీద కొన్నేళ్లు చేసింది. ప్యాసింజరు బండి మొదటిసారి తన చేతుల మీదుగా కాజీపేట నుంచి బయల్దేరే రోజు మమ్మల్ని రమ్మంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కర్ర పట్టుకొని, మా అందరికంటే ముందు నాయిన తయారయ్యాడు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఇంజను దాకా డెబ్బై అయిదేళ్ల మనిషి ఎక్కడా ఆగకుండా నడిచాడు. భవాని పైన కిటికీలో కూర్చొని అసిస్టెంటుతో ఏదో సరిచూసుకుంటోంది. మమ్మల్ని చూసి తల ఊపింది. పనిలో ఉంది గనక అంతకంటే ఏమీ చేయలేదు. పక్కన నల్లా దగ్గర సీసాలో నీళ్లు పట్టుకుంటున్న ప్రయాణికుడొకాయన కిటికీ వైపు చూసి ఆశ్చర్యపోయి, ఆడామె నడుపుతుందా ఈ బండి అని నాయినను అడిగాడు.

"అవును," అన్నాడు నాయిన. "నా బిడ్డ బిడ్డ."

ముప్పై ఏళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అత్తమ్మ నా వైపు చూసింది. ఆ ప్రయాణికుడు సంతోషపడి, మంచిగా చదివించిన్రు పెద్దమనిషీ, అల్లుడు గూడ రైల్వేనేనా అన్నాడు. ఇన్నేళ్లూ ఏ ప్రశ్నకు భయపడి నాయిన మాట తిప్పేవాడో ఆ ప్రశ్నే ఇది. ఆయన ఇంజను మీది నుంచి చూపు మరల్చలేదు.

"అల్లుడు లేడయ్యా. ఈ పొల్లను నా బిడ్డ కన్నది, మా అక్క పెంచింది. ఇగో, ఇద్దరు ఈడనే ఉన్నరు," అని కర్ర ఎత్తి మమ్మల్ని చూపించాడు.

ఆ ప్రయాణికుడు మా ఇద్దరి వైపు చూసి, చేతిలో సీసా ఉండగానే దండం పెట్టాడు. అంతలో సిగ్నల్ పడింది. భవాని హారన్ కొట్టింది. ఆ మనిషి సీసా మూత పెట్టుకోకుండానే నీళ్లు ఒలకబోసుకుంటూ పరుగెత్తి బండెక్కాడు. పెట్టెలు ఒకటొకటిగా మా ముందు నుంచి కదిలిపోతున్నాయి. నాయిన కర్ర మాత్రం ఇంకా దించలేదు, మా వైపే చూపిస్తూ నిలబడ్డాడు.